మెతక మాస్టారి వేషం

మాస్టారి వేషం అనగానే సగం క్లాసు చేతులెత్తింది. "ఒరేయ్ ఆగండ్రా, నాటికలో ఇద్దరు మాస్టార్లున్నారు, ఒకాయన కొడతాడు, ఇంకొకాయన కొట్టడు, ఎవరికి ఏది కావాలో చెప్పండి" అన్నారు తెలుగు మాస్టారు. లేచిన చేతులన్నీ కొట్టే మాస్టారి కోసమే. కొట్టని మాస్టారి వేషానికి ఒక్కడంటే ఒక్కడు ముందుకు రాలా. ఆ వేషం చివరికి నా నెత్తిన పడింది. కారణం ఏమీ లేదు, కిటికీ పక్కన కూచుని బయటికి చూస్తున్నా, ఆయన కన్ను నా మీద పడింది, అంతే.

ఇది 1985 ఫిబ్రవరి సంగతి. మాది దుగ్గిరాలకీ తెనాలికీ మధ్య కాలవ గట్టు మీద ఊరు, జిల్లా పరిషత్ హైస్కూలు, నేను ఎనిమిదో తరగతి. ఫిబ్రవరి అంటే మా వైపు పసుపు రోజులు, చేలల్లో తవ్వకాలు, కళ్ళాల్లో ఉడకేసే పొయ్యిలు, బట్టలకి కూడా అదే వాసన. సరిగ్గా అప్పుడే బళ్ళో వార్షికోత్సవం. మా ప్రాంతంలో నాటకం అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలోనే, జగ్గయ్యగారి మోరంపూడి కూడా ఆ చుట్టుపక్కలదే. ప్రతి ఊళ్ళోనూ ఒకప్పుడు కృష్ణుడో అర్జునుడో కట్టిన పెద్దాయన ఒకడుండేవాడు, రిహార్సల్ జరుగుతుంటే కిటికీలోంచి తొంగిచూసి "డైలాగు అట్టా కాదబ్బాయ్" అనకుండా పోయేవాడు కాదు. మా కొట్టే మాస్టారికి ఇలాంటి సలహాలు రోజూ దొరికేవి. కొట్టని మాస్టారికి మాత్రం ఏ పెద్దాయనా ఏమీ చెప్పలా, ఆ వేషం ఎలా కట్టాలో వాళ్ళకీ తెలియదు కదా.

నాటికకి పేరు లేదు. ఆహ్వాన పత్రికలో "విద్యార్థులచే సాంఘిక నాటిక" అని మాత్రం వేయించారు. రాసింది తెలుగు మాస్టారే. కథ చిన్నది. ఒక బళ్ళో ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లు, ఏ సెక్షన్ మాస్టారు చండశాసనుడు, బి సెక్షన్ మాస్టారు పరమ మెతక. ఇన్‌స్పెక్షన్‌కి డిఇఓ గారొస్తారు. ఏ సెక్షన్ పిల్లలకి అన్నీ వచ్చు గానీ భయంతో నోరు పెగలదు. బి సెక్షన్‌కి వచ్చింది సగమే గానీ అందరూ ఒకేసారి లేచి మాట్లాడతారు. డిఇఓ గారు తల పట్టుకుని కాఫీ అడుగుతాడు. చివరి సీనులో మాస్టార్లిద్దరూ స్టాఫ్‌రూములో ఎదురుబొదురు కూచుని మాట్లాడుకుంటారు. ఆ సీను ఎలా ముగించాలో మాత్రం ఆయనకే తెగలేదు. రిహార్సల్‌కొక రకంగా మార్చేవారు, మేం రోజుకొక ముగింపు బట్టీపట్టేవాళ్ళం.

"మన నాటకాలకి బడి కొత్తేం కాదురా" అనేవారు ఆయన. ప్రహ్లాదుడి కథంతా బడి కథే కదా, 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ కూడా అదే, సురభి వాళ్ళు ఆడిన నాటకంలోంచి వచ్చింది. అందులో చండామార్కులు మాస్టార్లు, శుక్రాచార్యుడి కొడుకులు. "ఇద్దరు మాస్టార్లుండి ఏం లాభం, ఇద్దరూ ఒకటే రకం. మెతక మాస్టారు కావాలంటే నారదుడి దగ్గరికి పోవాలి, ఆయన చెప్పిన పాఠం వాడు తల్లి కడుపులో ఉండగానే వినేశాడు. బళ్ళో చేరాక కొత్తగా విన్నదేం లేదు" అని ఆయనే నవ్వుకునేవారు. మాకప్పుడు ఆ మాట పట్టలేదు గానీ, చండామార్కులు అనే పేరు మాత్రం లెక్కల మాస్టారికి ఖాయమైపోయింది. ఒక్క మనిషికి రెండు పేర్లు.

లెక్కల మాస్టారి గురించి చెప్పాలి. మా నాటిక ఆయనదే. ఎవరూ ఒప్పుకోకపోయినా ఆయనదే. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, ఏ తప్పుకి ఏ శిక్షో ఆయన మనసులో ఒక పట్టిక ఉండేది, అందులో బేరాల్లేవు. జామెట్రీ చెప్పేటప్పుడు ఆయన్ని చూసి తీరాలి, దారం కూడా లేకుండా బోర్డు మీద సున్నా చుడితే వృత్తలేఖినితో గీసినట్టుండేది. చదువు చెప్పడం రాక కొట్టే మనిషి కాదు, చెప్పడం బాగా వచ్చే కొట్టేవాడు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొట్టే మాస్టారి వేషం వచ్చింది మా బొంగరానికి. అసలు పేరు వద్దులెండి, నున్నగా గుండుగా ఉండి ఒక్కచోట నిలవడు కాబట్టి బొంగరం. వాడికి పదిహేడో ఎక్కం రాదు. బోర్డు దగ్గర నిలబడితే పదహారు కూడా పోయేది. క్లాసులో అందరికంటే ఎక్కువ తన్నులు తిన్నది వాడే, అందుకే ఆ వేషానికి వాణ్ణి మించినవాడు లేడని మొదటి రిహార్సల్‌లోనే తేలిపోయింది. వాడు ఆయన్ని అంత దగ్గరగా చూశాడు మరి. మిగతావాళ్ళు ఆ వేషం ప్రయత్నిస్తే కళ్ళెర్రజేసి గుడ్లురిమి గావుకేకలు పెట్టేవాళ్ళు. బొంగరం అరవలేదు. ఎడమచేతి చొక్కా మడత రెండు చుట్లు పైకి తోశాడు, తర్వాత కుడిచేతిది. చేతి వాచీ తీసి, బల్ల మీద హాజరు పట్టీ ఉంటే, దాని మీద జాగ్రత్తగా పెట్టాడు, గాజు పైకి వచ్చేట్టు. అంతే. రిహార్సల్ చూస్తున్న మా అందరికీ అరచేతులు చల్లబడ్డాయి. ఎందుకంటే లెక్కల మాస్టారు వాచీ తీశాడంటే ఇక ఆ పీరియడ్‌లో లెక్కలుండవు. ఆ సంగతి మాకు తెలుసు గానీ, అది ఒక పద్ధతిగా జరుగుతుందని, మడత, మడత, వాచీ, బెత్తం అనే వరసలో జరుగుతుందని వాడు చేసి చూపించేదాకా మేం గమనించలా.

నా గొడవ వేరు. నాకు నడక తెలియదు, గొంతు తెలియదు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. మొదట్రోజు కాషాయం కట్టిన స్వాములవారిలా చెయ్యెత్తి "నాయనా" అన్నా, అందరూ పడీపడీ నవ్వారు. రెండో రోజు మా పిన్నిలా లాలనగా మాట్లాడా, ఇంకా నవ్వారు. సెప్టెంబరు 5న స్వపరిపాలన దినానికి పదో తరగతి వాళ్ళు మాస్టార్లయి మా క్లాసులకి వచ్చేవాళ్ళు కదా, వచ్చిన ప్రతివాడూ ముందు బెత్తం చేతికి తీసుకునేవాడు, తర్వాతే పాఠం. మాస్టారంటే మా బుర్రల్లో ఉన్న బొమ్మే అది. బెత్తం తీసేస్తే మిగిలిన మాస్టారు ఎలా ఉంటాడో అడిగితే ఎవడూ చెప్పలేడు. చివరికి తెలుగు మాస్టారు విసుక్కుని, "నువ్వు మంచివాడిలా నటిస్తున్నావురా, అదీ తంటా. ఆయన మంచివాడని ఆయనకి తెలియదు. పోయి సోషల్ మాస్టార్ని చూడు" అన్నారు.

సోషల్ మాస్టార్ని మూడేళ్ళుగా రోజూ చూస్తూనే ఉన్నా, కానీ చూడ్డానికని చూడ్డం అదే మొదలు. చూస్తే ఏం కనిపించలా, ముందు అదే నాకు కంగారు. ఒక పెద్దమనిషి వచ్చి కుర్చీలో కూడా కూచోకుండా కిటికీ చట్టానికి ఆనుకుని నిలబడి మాట్లాడతాడు. సుద్దముక్కతో ఒక్క గీతలో భారతదేశం పటం గీస్తాడు, పిల్లలు గోల చేస్తుంటే గోల తగ్గేదాకా ఆ పటంలో కొండలు దిద్దుకుంటూ ఉంటాడు. నిజం చెప్పాలంటే గోల ఒక్కోసారి తగ్గేది కాదు. ఆయన పీరియడ్‌లో వెనక బెంచీ మొత్తం రేగుపళ్ళకి పోయిన రోజులున్నాయి, చనువిస్తే చంకెక్కే రకాలు మా క్లాసులో తక్కువేం కాదు. సిలబస్ ఏ సంవత్సరమూ పూర్తయ్యేది కాదు, చివరి పాఠాలు మేమే ఇంట్లో కూచుని చదువుకోవాల్సి వచ్చేది. హెడ్‌మాస్టారు వరండాలో వచ్చి నిలబడితే తప్ప క్లాసు సర్దుకునేది కాదు. ఇవన్నీ ఉన్నాయి, లేవని ఎందుకనాలి.

కానీ రెండు మూడు రోజులయ్యాక ఒకటి దొరికింది. గోదావరి ఎక్కడ పుట్టిందిరా అని ఒకణ్ణి లేపారు. వాడు తడుముకోకుండా "రాజమండ్రి సార్" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. ఆయన నవ్వలేదు, తప్పని కూడా అనలేదు. "సరే, రాజమండ్రి దాకా వచ్చావు. ఇప్పుడు ఎదురీదు. పైన ఏమొస్తుంది?" వాడు కాసేపు గుటకలు మింగి "భద్రాచలం సార్" అన్నాడు. "ఊఁ, తర్వాత?" అలా వాణ్ణి పట్టుకుని, వాడికి తెలియనిచోట తానొక ఊరందిస్తూ, తెలిసినచోట ఆగి వాడిచేత చెప్పిస్తూ, ధర్మపురి, బాసర, నాందేడ్, పైఠాన్, నాసిక్ మీదుగా త్రయంబకం దాకా తీసుకుపోయారు. పావుగంట పట్టింది. వాడు కూచునేటప్పుడు ఏదో తనే కనిపెట్టినట్టు మొహం పెట్టాడు. "ఊఁ, తర్వాత?" అన్నప్పుడు ఆయన చూపు పటం మీద కాదు, వాడి మొహం మీద ఉంది, అదీ నాకు కావాల్సింది. సాయంత్రం పరిగెత్తుకెళ్ళి తెలుగు మాస్టారికి చెబితే ఉన్న సీను కొట్టేసి ఇదే రాసేశారు. "దొంగతనమే, కానీ మంచి సరుకు" అన్నారు.

ఇక అసలు రోజు. మార్చిలో అసెంబ్లీ ఎన్నికలు, మా చుట్టుపక్కల ఉన్న మైకు సెట్లన్నీ జీపులెక్కి ఊళ్ళు తిరుగుతున్నాయి. ఒకతన్ని బతిమాలితే పది గంటల దాకా అయితే వస్తానన్నాడు, పదింటికి ప్రచారం జీపు వచ్చి తీసుకుపోతుందట. తెనాలి నుంచి తెరలూ మేకప్ ఆయనా సాయంత్రం బస్సుకి దిగారు. క్లాసురూముల్లో బల్లలన్నీ జతచేసి తాళ్ళతో కట్టి స్టేజీ చేశాం, ఎవడైనా గట్టిగా నడిస్తే రెండు బల్లల మధ్య కాలు దిగబడుతుంది. మేకప్ ఆయన ఒకే ముద్దతో డిఇఓ నుంచి బంట్రోతు దాకా అందరి మొహాలూ పులిమాడు, స్పిరిట్ గమ్ పూసి మీసాలంటించాడు, ఆ వాసనకి నాకు కడుపులో తిప్పింది. నాకు మీసం వద్దన్నాడు, మెతక మాస్టారికి మీసమేంటి అని ఆయన వాదన. బొంగరానికి మాత్రం రెండు వైపులా మెలితిప్పినది పెట్టాడు. అసలు లెక్కల మాస్టారికి మీసమే లేదు, అయినా వింటేనా.

సమయానికి చూసుకుంటే వాచీ లేదు. బొంగరం నానా హైరానా పడిపోయాడు, వాచీ లేకపోతే తాను స్టేజీ ఎక్కనన్నాడు. చివరికి మైకు సెట్టతన్ని అడిగి అతని హెచ్ఎంటీ వాచీ ఇప్పించారు.

వార్షికోత్సవాల్లో ఉపన్యాసాలు ఎంతసేపుంటాయో తెలిసిందే. ఎన్నికల రోజులు కాబట్టి ఇంకో రెండు ఎక్కువ. ప్రైజులు, కోలాటం, దేశభక్తి గీతం అన్నీ అయి మా నాటిక మొదలయ్యేసరికి తొమ్మిది దాటింది. ముందు వరసలో మాస్టార్లు, వాళ్ళ వెనక చాపల మీద పిల్లలు, ఆ వెనక ఊరు ఊరంతా. బొంగరం వచ్చాడు. ఎక్కం అడిగాడు. ఏ సెక్షన్ పిల్లాడు నీళ్ళు నమిలాడు. బొంగరం ఎడమచేతి మడత పైకి తోశాడు, కుడిచేతిది తోశాడు, వాచీ తీసి హాజరు పట్టీ మీద పెట్టాడు. చాపల మీద గోల ఒక్కసారిగా ఆగిపోయింది, అన్ని తరగతుల పిల్లలదీ. వెనకున్న పెద్దవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు, మైకు పోయిందేమో అనుకుని "వినపడ్డంలా" అని అరిచారు కూడా. ముందు వరసలో లెక్కల మాస్టారు కాలు మీద కాలేసుకుని అలాగే కూచుని ఉన్నాడు. ఆయన మొహంలో ఏం కనిపిస్తుందోనని సైడ్‌వింగ్‌లోంచి నేను కళ్ళు చించుకుని చూశాను గానీ ఏమీ కనిపించలా. మర్నాడు క్లాసుకొచ్చి బొంగరాన్ని లేపి, "గోడకుర్చీ వేయించేటప్పుడు వీపు గోడకి ఆనకూడదు, నువ్వు ఆనించనిచ్చావు" అని, కూచోమని, పాఠం మొదలుపెట్టాడు. అంతకు మించి ఒక్క మాటా లేదు.

బెత్తం లేచాక పెద్దవాళ్ళకి అర్థమైంది. ఇక చూడాలి ఆ సంబరం. "తగిలించండి మాస్టారూ!" అని వెనకనుంచి కేకలు, ఈలలు, దెబ్బ దెబ్బకీ చప్పట్లు. తెలుగు మాస్టారు ఆ సీను రాసింది చూసేవాళ్ళ కడుపు తరుక్కుపోవాలని. మా ఊరు దాన్ని కామెడీ సీను చేసేసింది. వాళ్ళననీ లాభం లేదు, బళ్ళో చేర్చేటప్పుడు "కళ్ళు రెండూ వదిలేయండి మాస్టారూ, మిగతాది మీ ఇష్టం" అని అప్పజెప్పి పోయిన తండ్రులే అక్కడ కూచున్నది. దండం దశగుణం భవేత్ అని గోడ మీద రాయలేదన్న మాటే గానీ ఊరందరి నమ్మకం అదే.

ఇప్పుడు మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కూడా ఆ చప్పట్లే వినిపిస్తుంటాయి నాకు. గురుపూజోత్సవం వచ్చిందంటే చాలు, బెత్తం పట్టుకున్న మాస్టారి బొమ్మ, కింద "ఆ దెబ్బలే మనల్ని మనుషుల్ని చేశాయి" అని. యాభై దాటిన వాళ్ళందరూ దండాలు పెడుతూ ఎమోజీలు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం, 2009 నాటి చట్టం అది, పదిహేడో సెక్షన్ కింద పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధమని చెబుతుంది. దాన్ని పట్టుకుని "అందుకే పిల్లలిలా తయారయ్యారు" అని ఒకడు రాస్తే ఇరవై మంది అవునంటారు. సెక్షను నంబరు పదిహేడు కావడం చూసి నాకు మాత్రం బొంగరం ఎక్కమే గుర్తొచ్చింది. వాడు తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. దుగ్గిరాల యార్డులో కాటా దగ్గర పనికి కుదిరి, అక్కడే పైకొచ్చి, ఇప్పుడు సొంతంగా పసుపు కొంటాడు. గ్రూపులో ఉన్నాడు, పెళ్ళి శుభలేఖలు పెడతాడు, రేటు ఎంతుందో అడిగితే చెబుతాడు. ఆ బెత్తం బొమ్మ కింద మాత్రం వాడి పేరు నేనెప్పుడూ చూడలేదు. దెబ్బలు తిని బాగుపడ్డవాళ్ళు మాత్రమే పోస్టులు పెడతారు, మానేసి పోయినవాళ్ళ లెక్క అందులో రాదు. అందుకని నాకు ఆ పోస్టులంటే పడదు.

సరే, నాటికలోకి. డిఇఓ గారు బి సెక్షన్‌కి వచ్చారు, గోదావరి ఎక్కడ పుట్టిందన్నారు, పిల్లాడు రాజమండ్రి అన్నాడు, జనం నవ్వారు. నేను "సరే, రాజమండ్రి దాకా వచ్చావు, ఇప్పుడు ఎదురీదు" అన్నా. వాడు భద్రాచలం అని చెప్పాల్సినవాడు జనాన్ని చూసి బిగుసుకుపోయాడు. సైడ్‌వింగ్‌లోంచి ప్రాంప్టింగ్ వినిపిస్తోంది, వాడికి తప్ప అందరికీ. ఏం చేయాలో తోచక నేను వాడి మొహంలోకి చూస్తూ "ఊఁ, పైన ఏమొస్తుంది?" అని మళ్ళీ అన్నా. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ గొంతు, "భద్రాచలం నాయనా, చెప్పవేం!" ఆవిడ సీతారాముల కళ్యాణానికి పోయొచ్చింది లెండి, ఊళ్ళో అందరికీ తెలుసు. "ఊఁ, తర్వాత?" అన్నా. ధర్మపురి నరసింహస్వామి అని ఇంకెవరో అందించారు. బాసర అనేసరికి నలుగురైదుగురు, పిల్లలకి అక్షరాభ్యాసం చేయించుకొచ్చినవాళ్ళు. ఆ తర్వాత ఆగిపోయింది, బాసర దాటి మా ఊళ్ళో ఎవరికి తెలుసు. ఎక్కడో చివర సైకిల్ మీద కూచున్నాయన, పసుపు లోడుతో మహారాష్ట్ర తిరిగే లారీ డ్రైవరు, "నాందేడ్!" అని కేకేశాడు. నాసిక్ కూడా ఆయనే చెప్పాడు. ఈలోపు మా వాడికి ధైర్యం వచ్చి "త్రయంబకం సార్" అని గట్టిగా అరిచాడు, మైకు కీచుమంది. ఆ సీను అక్కడితో తెర పడాలి. తెర తాడు పట్టుకున్నది సోషల్ మాస్టారే, ఆయన స్టేజీ ఎక్కి కనపడే పనులేవీ ఒప్పుకునేవారు కాదు. తాడు అలాగే పట్టుకుని మొహమంతా నవ్వుతో జనం వైపు చూస్తున్నారు, లాగాలన్న ధ్యాసే లేదు. డిఇఓ వేషగాడు రెండుసార్లు దగ్గాక గానీ తెర పడలేదు.

ఇక మిగిలింది స్టాఫ్‌రూము సీను, తెలుగు మాస్టారు అన్నిసార్లు తిరగరాసింది. ఆఖరికి ఆయన ఖాయం చేసిన డైలాగు ఇది. కొట్టే మాస్టారు కుర్చీలోంచి లేచి, "మీ పిల్లలు తప్పు చెప్పడానికీ జంకరు, మా పిల్లలు ఒప్పు చెప్పడానికీ వణుకుతారు" అనాలి. అచ్చంగా తెలుగు మాస్టారి వాక్యం, తూకం కుదిరింది కదా, వదల్లేకపోయారు. బొంగరం లేచాడు, నోరు తెరవబోయాడు, సైడ్‌వింగ్‌లో మైకు సెట్టతను తన మణికట్టు చూపిస్తూ సైగలు చేస్తున్నాడు. బయట జీపు హారన్. పది అయింది. వాచీ ఇచ్చేయమని అతని గోల. బొంగరం డైలాగు మింగి, రెండడుగులు వేసి వాచీ అందించి, మళ్ళీ వెనక్కొచ్చి, మొదలుపెట్టాడు. అప్పటికే మైకు తీసేశారు. తీరా ఆ మాట వినపడింది ముందు వరసలో కూచున్న మాస్టార్లకొక్కళ్ళకే.

ఇంటికెళ్తూ దారిలో మా నాన్న అడిగారు, "చివర్లో ఏమైందిరా, గడియారం ఇచ్చి పంపించాడు, ఆ కొట్టే మాస్టారుకి ట్రాన్స్‌ఫరైందా?"